క్రిస్మస్ కథలో పేదవాడి చోటు

డిసెంబరు నెల వచ్చిందంటే పత్రికల్లో క్రిస్మస్ కథలు కనిపిస్తాయి. వాటిలో చాలా కథలకు అచ్చు ఒకటే. లోపల దీపాలు, కేకు, అలంకరించిన చెట్టు. బయట చలిలో చిరిగిన చొక్కాతో ఒక పిల్లవాడు. లోపలివాళ్లలో ఒకరికి మనసు కరుగుతుంది. పిల్లవాడి చేతికి కేకు ముక్కో పాత స్వెట్టరో వస్తుంది. అంతటితో కథ ముగుస్తుంది. పాఠకుడు కళ్లు తుడుచుకుని పేజీ తిప్పుతాడు.

ఇలాంటి కథల గురించి మన విమర్శకులు రెండు రకాలుగా మాట్లాడడం నేను విన్నాను. ఒకరు 'మానవతా దృక్పథం' అని మెచ్చుకుంటారు. మరొకరు, మతం మత్తుమందు కాబట్టి ఇందులో చర్చించేదేమీ లేదని పక్కన పెడతారు. మొదటివారు పేదవాడి కన్నీళ్లను చూసి తృప్తిపడుతున్నారు, రెండోవారు పేదవాడి పండగను చూడనే చూడడం లేదు. మత్తుమందు మాట వాడేవాళ్లు ఒకటి మరిచిపోతూంటారు. 1844లో అచ్చయిన వ్యాసంలో మార్క్స్ ఆ మాట అన్నచోటనే, మతంలో పీడితుల నిట్టూర్పు కూడా వినిపిస్తుందని గుర్తించాడు. ఆ నిట్టూర్పు ఏమి చెబుతోందో వినడం సాహిత్యకారుడి పని.

కాబట్టి ఈ వ్యాసంలో నేను అడగదలచిన ప్రశ్న ఒకటే. కష్టాల్లో ఉన్న మనిషికి క్రిస్మస్ ఏమిటి? అతని మీద జాలిపడేవాడికి ఏమిటి అని కాదు, అతనికే ఏమిటి?

1

ముందు మూలకథను చూద్దాం. భక్తుల కోసం కాదు, కథను కథగా చదవడం అలవాటైన మనకోసం.

లూకా సువార్తలో యేసు పుట్టుక ఒక ప్రభుత్వ ఉత్తరువుతో మొదలవుతుంది. రోమన్ చక్రవర్తి అగస్టస్ జనసంఖ్య రాయించమన్నాడు. సామ్రాజ్యంలో జనాన్ని లెక్కించేది పన్ను వసూలు కోసం. ఆ లెక్కలో పేరు రాయించుకోవడానికి ఒక నిండు గర్భిణి నజరేతు నుంచి బెత్లెహేముకు పోవలసి వచ్చింది. అక్కడ సత్రంలో చోటు లేదు. బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. వార్త మొదట చేరింది పొలంలో రాత్రిపూట మందను కాస్తున్న గొర్రెలకాపరులకు. అంటే అందరూ నిద్రపోతున్న వేళ పనిలో ఉన్నవాళ్లకు. మత్తయి సువార్తలో కథ ఇంకా కఠినంగా సాగుతుంది. హేరోదు రాజు పసిపిల్లలను చంపిస్తాడు, ఆ కుటుంబం పొరుగుదేశమైన ఐగుప్తుకు పారిపోతుంది.

పన్ను, ప్రయాణం, చోటు లేకపోవడం, రాత్రి కాపలా, రాజు కత్తి, పరాయిదేశంలో తలదాచుకోవడం. కథలోని సామగ్రి ఇదీ. ఇందులో దాత ఎక్కడా ప్రధాన పాత్ర కాడు. తూర్పు నుంచి కానుకలు తెచ్చిన జ్ఞానులు మత్తయిలో వస్తారు, ఇచ్చి వెళ్లిపోతారు. కథ వాళ్ల హృదయ పరివర్తన గురించి కాదు. మన క్రిస్మస్ కథల్లో కేంద్రస్థానం దాతకు ఎప్పుడు దక్కింది? దీనికి సమాధానం 19వ శతాబ్దపు యూరపులో ఉంది.

2

చార్లెస్ డికెన్స్ 'ఎ క్రిస్మస్ కేరల్' 1843 డిసెంబరు 19న లండన్‌లో వెలువడింది. అది ఊరికే పుట్టిన కథ కాదు. గనుల్లో, కార్ఖానాల్లో పిల్లల చేత చేయిస్తున్న పని గురించిన ప్రభుత్వ నివేదికను డికెన్స్ ఆ ఏడాదే చదివాడు. కదిలిపోయి ముందు ఒక కరపత్రం రాయాలనుకున్నాడు, తర్వాత దాని బదులు కథ రాశాడు. ఆయనకు దారిద్ర్యం పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. 1824లో తండ్రి అప్పుల కింద మార్షల్సీ జైలుకు పోతే, పన్నెండేళ్ల డికెన్స్ బూట్ పాలిష్ కార్ఖానాలో సీసాలకు కాగితాలు అంటించాడు. 1834 నాటి పేదల చట్టం దిక్కులేనివారిని వర్క్‌హౌసుల్లోకి తోసింది. కథలో పిసినారి స్క్రూజ్, చందా అడగవచ్చినవారిని జైళ్లూ వర్క్‌హౌసులూ లేవా అని అడగడం ఆ చట్టం వెనక ఉన్న బుద్ధికి ఎత్తిపొడుపు.

ఇంత తెలిసిన రచయిత కథను ఎక్కడ నిలబెట్టాడు? స్క్రూజ్ గదిలో. అతని పీడకలలు, అతని భయం, అతని పశ్చాత్తాపం. వారానికి పదిహేను షిల్లింగుల గుమాస్తా బాబ్ క్రాచిట్ ఆ పశ్చాత్తాపానికి సందర్భం మాత్రమే. చివర్లో జీతం పెరుగుతుంది. యజమాని మనసు మారింది కాబట్టి పెరుగుతుంది. మారకపోతే?

అయినా డికెన్స్ గొప్ప రచయిత కాబట్టి తన చట్రంలో పట్టని రెండు నిజాలను కథలో ఉండనిచ్చాడు. ఒకటి, క్రాచిట్ భార్య. పండగ భోజనాల దగ్గర భర్త యజమాని పేర క్షేమం కోరుతూ గ్లాసు ఎత్తితే, ఆమె మండిపడుతుంది. ఆ ఇంట్లో అసలు లెక్క తెలిసినది ఆమెకు. రెండోది, సెలవు. క్రాచిట్‌కు ఏడాదికి ఒక్కరోజు, క్రిస్మస్ రోజు, జీతంతో సెలవు. దానికే స్క్రూజ్ తన జేబు కొట్టేసినట్టు బాధపడతాడు. కూలివాడి కంటితో చూస్తే క్రిస్మస్ మొదటి అర్థం ఇక్కడ దొరుకుతుంది. అది యజమానిది కాని ఒక రోజు. ఈ సంగతిని గుర్తుపెట్టుకోమని మనవి, మళ్లీ అవసరమవుతుంది.

డికెన్స్ తర్వాత యూరపులో క్రిస్మస్ కథ ఒక ఆనవాయితీ అయింది, దానితో చలిలో పిల్లల చావు కూడా ఆనవాయితీ అయింది. ఆండర్సన్ అగ్గిపుల్లల పిల్ల (1845) చనిపోయేది నిజానికి ఏడాది చివరి రాత్రి. అయితే ఆమె అగ్గిపుల్ల వెలుగులో చూసేది క్రిస్మస్ చెట్టునే. దస్తయేవ్‌స్కీ 1876 జనవరిలో తన 'రచయిత దినచర్య'లో రాసిన కథలో, నేలమాళిగలో తల్లి శవం పక్కనుంచి లేచి వచ్చిన పసివాడు అద్దాల కిటికీల్లోంచి పరాయివాళ్ల పండగ చూస్తూ చూస్తూ గడ్డకట్టి చనిపోతాడు, క్రీస్తు చెట్టు దగ్గరికి చేరతాడు. ఈ కథలు రాతిని కరిగిస్తాయి. కాని ఒకటి గమనించండి. చనిపోయిన పిల్లవాడు ఇక ఏమీ అడగడు. అతని చావు పాఠకుడి కన్నీళ్లుగా మారి అక్కడితో తీరిపోతుంది.

ఈ ఆనవాయితీని ఇద్దరు రష్యన్ రచయితలు బద్దలు కొట్టారు. ఇద్దరూ మన పాఠకులకు సుపరిచితులే.

చెకోవ్ 'వాంకా' 1886 డిసెంబరు 25న పీటర్స్‌బర్గ్ పత్రికలో అచ్చయింది. తొమ్మిదేళ్ల వాంకా మాస్కోలో చెప్పులు కుట్టే యజమాని దగ్గర పని నేర్చుకోవడానికి చేరి మూడు నెలలైంది. క్రిస్మస్ ముందురోజు రాత్రి యజమానులు చర్చికి పోయేదాకా ఆగి, తాతకు ఉత్తరం రాస్తాడు. ఇక్కడ చెకోవ్ చేసిన పని చిన్నదిగా కనిపించే పెద్ద పని: కలం పిల్లవాడి చేతికిచ్చాడు. వాంకా దేన్ని ఏ క్రమంలో చెబుతాడో చూడండి. పసిబిడ్డ ఉయ్యాల ఊపుతూ నిద్రపోయినందుకు తిన్న దెబ్బలు, పొద్దున రొట్టె, మధ్యాహ్నం జావ, రాత్రి మళ్లీ రొట్టె, నిద్ర లేని రాత్రులు. అతను రాసేది పని పరిస్థితుల నివేదిక. మధ్యలో ఊళ్లో తాతతో కలిసి అడవికి పోయి దొరవారికి క్రిస్మస్ చెట్టు కొట్టుకొచ్చిన జ్ఞాపకం వస్తుంది. ఆ జ్ఞాపకంలో కూడా చెట్టు దొరలదే, చలిలో శ్రమ తాతామనవళ్లది. చివరికి చిరునామా రాస్తాడు: ఊళ్లో తాతకు. చాలదనిపించి తాత పేరు చేరుస్తాడు. ఊరి పేరు లేదు. ఉత్తరం చేరదని మనకు తెలుసు, వాంకాకు తెలియదు. చెకోవ్ ఒక్కమాటైనా వ్యాఖ్యానించడు. మనల్ని ఏడ్చి తప్పించుకోనివ్వడు. పిల్లవాడు బతికే ఉన్నాడు, తెల్లవారితే మళ్లీ పనిలోకి పోవాలి.

గోర్కీ ఇంకా ముందుకు పోయాడు. 1894లో ఆయన రాసిన కథ పేరే గడ్డకట్టి చావని బాలుడూ బాలికల గురించి. క్రిస్మస్ కథల్లో ఏటా కొందరు పేదపిల్లలను చలికి చంపే రచయితల ఆచారాన్ని వెక్కిరిస్తూ, తాను మాత్రం ఆ పని చేయనంటూ మొదలుపెడతాడు. మీష్కా, కాత్కా అనే ఇద్దరు బిచ్చగాళ్ల పిల్లలు పండగ ముందురోజు దారినపోయే వాళ్ల మెత్తని మనసును నేర్పుగా వాడుకుని డబ్బులు కూడబెట్టి, చావడికి పోయి వేడివేడిగా తింటారు. దాతలను వాళ్లు ఎలా చూస్తారో మనం మొదటిసారి వింటాం. వాళ్లను చంపడానికి మంచు అక్కర్లేదు, మామూలు జీవితం చాలునని గోర్కీ సూచన. వాంకాలోలాగే ఇక్కడా పండగను లెక్కకట్టేది, ఖర్చుపెట్టేది పిల్లలే.

3

మన నేలమీద మంచు లేదు, అద్దాల కిటికీలూ లేవు. అయినా క్రాచిట్ సెలవు కథకు మన దగ్గర అంతకంటే పెద్ద రూపం ఉంది. అది ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెల కథ.

19వ శతాబ్దంలో ఆ పల్లెల వాళ్లు రైతులకు చెప్పులూ మోటకు తోలు బానలూ కుట్టిపెట్టి, వెట్టి చేసి, కళ్లంలో మేర తీసుకుని బతికినవాళ్లు. ఊరి జాతరలో డప్పు వాళ్లదే, పండగ మాత్రం వాళ్లది కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో మకాం పెట్టిన తర్వాత క్రైస్తవంలో చేరినవారికి పెట్టిన ప్రధాన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను కొలవరాదు. మిషనరీ దృష్టిలో ఇవి మతనియమాలు. పల్లె మనిషి వైపునుంచి చదివితే మొదటిది వారానికి ఒకరోజు సెలవు కోరడం. మూడోది జాతరలో డప్పు కొట్టననడం. ఊరి పెద్దలు సరిగ్గా అలాగే అర్థం చేసుకున్నారు. అందుకే పనులు మాన్పించారు, నీళ్లకు అడ్డం పడ్డారు. స్క్రూజ్ ఏడాదికి ఒక్కరోజు సెలవుకే బాధపడితే, వీళ్లు ఏడాదికి యాభైరెండు అడిగారు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. తిండికోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టిన తర్వాత 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అయినా తిండికోసం మారారన్న ఎత్తిపొడుపు ఆగలేదు. నేను దీన్ని మరో వైపునుంచి అడుగుతాను. ఆకలితో ఉన్నవాడు తనను మనిషిగా చూసిన చోటికి పోతే, ఆ ఎంపికలో లోపం ఏముంది? కడుపు నిండినవాడి నమ్మకమే శుద్ధమైనదని తీర్పు చెప్పినదెవరు?

ఈ చరిత్ర తెలిస్తే పల్లెలో క్రిస్మస్ వేరుగా కనిపిస్తుంది. నేనెరిగిన గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో అది దానం పుచ్చుకునే పండగ కాదు. డెల్టాలో డిసెంబరు వరికోతల కాలం, కూలిడబ్బులు చేతిలో ఆడే కాలం. చర్చికి సున్నం కొట్టడం దగ్గరనుంచి వెదురుబద్దలతో నక్షత్రం కట్టి రంగుకాగితాలు అంటించడం దాకా అంతా వాళ్ల చేతిమీదే జరుగుతుంది. పనులకోసం హైదరాబాదు పోయినవాళ్లు తిరిగొస్తారు. కువైట్‌లో ఇంటిపని చేస్తున్న గోదావరి జిల్లాల, కడప జిల్లా తల్లులు ఫోనులో పిల్లల కొత్త బట్టలు చూసుకుంటారు. ఊరి పండగల్లో అంచున నిలబడే మనిషి ఇక్కడ మధ్యలో నిలబడతాడు. అతని ఇంటి ముందుకు పాట నడిచి వస్తుంది.

దీన్ని తీపిచేసి చెప్పదలచుకోలేదు. బట్టల కొట్లో ఖాతా పెరుగుతుంది, కుట్టుకూలి అప్పు పడుతుంది. అరిసెల పాకం దగ్గర నిలబడేది, సంక్రాంతి దాకా ఆ అప్పు మోసేది ఆడవాళ్లే. కులం కూడా చర్చి గుమ్మం దగ్గర ఆగలేదు. గుంటూరులో 1842లో మొదలైన లూథరన్ మిషన్ ప్రధానంగా మాలపల్లెల్లో, ఒంగోలు బాప్టిస్టులు ప్రధానంగా మాదిగపల్లెల్లో వేళ్లూనారు. చాలాచోట్ల ఇవాళ్టికీ గుడులు వేరు, క్రిస్మస్‌లు వేరు. జాషువా ఉదాహరణ మన ముందే ఉంది. వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆ కవిని కులం బతికినన్నాళ్లూ వెంటాడింది. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్న ఆ చేయే అంతకు ముందు 1941లో, గుడిలోకి రానివ్వని మనిషి తన గోడును గుడిలోకి ఎగరగల గబ్బిలంతో చెప్పుకునే కావ్యం రాసింది. చోటు లేకపోవడం ఈ కవికి బైబిలు కథ కాదు, సొంత ఊరి అనుభవం.

1985 జులై 17న కారంచేడులో మాదిగలపై దాడి చేసి ఆరుగురిని చంపినప్పుడు, బతికి బయటపడినవాళ్లు చీరాల పారిపోయి తలదాచుకున్నది ఒక చర్చి ఆవరణలోనే. సత్రంలో చోటు లేకపోవడమంటే ఏమిటో తెలుగు రచయితకు ఇంతకంటే వివరించనక్కర్లేదు.

4

నక్షత్రం గురించి మరో సంగతి చెప్పాలి. మన కథల్లో ఇది తగినంతగా రావడం లేదు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు హిందువులు కానివారికి షెడ్యూల్డు కులాల హోదా లేదన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రలో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవారిని బీసీ-సిగా, ఒక్క శాతం కోటాలో పెట్టారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదిక ఈ మతభేదం తొలగించమన్నది. 2022లో కేంద్రం మరో కమిషన్ వేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో, బాప్తిస్మం పొంది చర్చికి పోతూ ఉద్యోగంలో రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనన్నది.

చట్టం మాట అలా ఉంచి, దీన్ని పల్లె ఇంట్లోంచి చూడండి. బడి రిజిస్టరులో 'హిందూ మాల' అనో 'హిందూ మాదిగ' అనో రాసి ఉంటుంది. చర్చి రిజిస్టరులో బైబిలు పేరు. రెండు పేర్లూ ఒక మనిషివే. ఊరు అతన్ని కులంతో పిలవడం మానలేదు. హోదా మాత్రం మతం చూసి పోతుంది. అలాంటి ఇంట్లో కొడుకు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన ఏడాది, గుమ్మానికి నక్షత్రం వేలాడదీయాలా వద్దా అనేది పండగ ప్రశ్న కాదు, బతుకు ప్రశ్న. బెత్లెహేముకు పేరు రాయించుకోవడానికి పోయినవాళ్ల కథనే ఈ ఇల్లు కొత్తగా బతుకుతోంది. జనాన్ని లెక్కరాసే రాజ్యం ముందు ఏ పేరు చెప్పాలి?

5

ఇంతకీ రచయితలు చేయవలసిందేమిటి? క్రిస్మస్ కథ చదివేటప్పుడూ రాసేటప్పుడూ వేసుకోవలసిన మూడు ప్రశ్నలను సాహిత్య విద్యార్థుల ముందు పెడుతున్నాను.

మొదటిది, చూస్తున్నదెవరు? లోపలినుంచి బయటికి చూసే కంటితో రాస్తే పేదవాడు బొమ్మ అవుతాడు. అతని కంటితో చూస్తే లోపలివాళ్లే బొమ్మలవుతారు. గోర్కీ చేసింది అదే.

రెండోది, లెక్క ఎవరి చేతిలో ఉంది? కష్టాల్లో ఉన్నవాడికి పండగ అంటే ముందు లెక్క: ఎన్నిరోజుల కూలి, ఎవరి దగ్గర అప్పు, ఏది మానుకుంటే పిల్లకు గౌను వస్తుంది. ఈ లెక్క తెలియని రచయిత అతని సంతోషాన్ని కూడా రాయలేడు. ఎందుకంటే ఆ సంతోషం ఆ లెక్కను ఒక్కరోజు ఓడించినందువల్ల వచ్చినది.

మూడోది, 26వ తేదీ ఏమైంది? దానంతో ముగిసే కథ, చావుతో ముగిసే కథ, రెండూ 25తో ఆగిపోతాయి. క్రాచిట్ 26న పనికి ఆలస్యంగా వెళతాడు; డికెన్స్ ఆ ఉదయాన్ని కూడా యజమాని మంచితనం చూపడానికే వాడుకున్నాడు. మన కథల్లో 26న వాచ్‌మన్ గేటు దగ్గరే ఉంటాడు. అసలు 25 రాత్రి కూడా అక్కడే ఉన్నాడు. ఆస్పత్రి ఆయా, అంగట్లో పండగ సామాను అమ్మిన పిల్ల, పార్సిళ్లు మోసిన కుర్రవాడు ఆ రాత్రి పనిలోనే ఉన్నారు. గొర్రెలకాపరుల వంశం వీళ్లది. వీళ్లకు పండగ అంటే మొదట సెలవు, తర్వాత కూలి, ఆ తర్వాత తన పేరు తాను భయం లేకుండా చెప్పుకోగల చోటు.

ఈ మూడూ ఎవరో కరుణించి ఇస్తే వచ్చేవి కావు. ఒంగోలు పల్లెలు ఆదివారాన్ని అడిగి, దెబ్బలు తిని, సంపాదించుకున్నాయి. ఆ అడగడం దగ్గరనుంచి కథ మొదలుపెట్టే రచయిత కోసం తెలుగు క్రిస్మస్ కథ ఎదురుచూస్తోంది.